గొంతుల పంచాయతీ: కొత్తవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి కొర్లగుంటలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు పది పన్నెండు మందిమి చేరతాం. పాటలు, పద్యాలు, హరికథలు, పాత రేడియో రికార్డింగులు వింటాం. వినేదానికంటే పోట్లాడుకునేది ఎక్కువ. పాడటంలోనూ కథ చెప్పడంలోనూ మగ గొంతుల్లో ఎవరిది గొప్ప అన్నదే అసలు పేచీ. కొత్తగా వచ్చేవాళ్ళు మెట్లెక్కుతూనే అవే ప్రశ్నలు వేస్తున్నారు. వారం వారం అవే జవాబులు చెప్పి నా గొంతు పోతోంది కాబట్టి రాసి పెట్టాను. తీర్పులన్నీ నావే. మా వాళ్ళలో సగం మంది వీటికి ఒప్పుకోరు.

మగ గొంతులే ఎందుకు? సుశీలమ్మ, జానకమ్మ ఏం పాపం చేశారు?

మొదట్లో అందరినీ కలిపే పెట్టాం. రెండో వారమే ఒక పెద్దాయన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం పెట్టాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడికి తెల్లవారడమంటే ఆ గొంతే. ఎవరూ నోరెత్తలేదు. పంచాయతీ ఐదు నిమిషాల్లో ముగిసిపోయి, మిగతా సాయంత్రమంతా టీ తాగుతూ గాలిగోపురం దీపాలు చూస్తూ కూర్చున్నాం. పోట్లాట కావాలంటే పోటీ ఉండాలి కదా. అందుకని మగవాళ్ళను వేరు చేశాం.

పాడేవాళ్ళనీ చెప్పేవాళ్ళనీ ఒకే తక్కెట్లో ఎట్లా వేస్తారు?

మా పక్క వాళ్ళను ఎప్పుడూ విడదీయలేదు. చిత్తూరు పల్లెల్లో పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. చిడతలు పట్టుకున్న మనిషి పాడుతూ పాడుతూ మాటల్లోకి దిగుతాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ పద్యంలోకి ఎక్కుతాడు. ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టాడో వినేవాడికి తెలియదు. బాలు తండ్రి సాంబమూర్తిగారు హరికథకులే. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు పాటలోనూ మాటలోనూ ఒకేలాగా ఆరితేరాడంటే ఆశ్చర్యమేముంది.

నా లెక్కలో రెండింటికీ పరీక్ష ఒక్కటే: రాగం, శ్రుతి, సన్నివేశం ఎన్ని మీద పడ్డా మాట నిలబడిందా లేదా?

ఆ పరీక్ష పెట్టేది ఎట్లా?

కళ్ళు మూసుకోండి. మొదటిసారి వింటున్నారనుకోండి. ఒత్తులు వినబడుతున్నాయా? ళకారం లకారమైపోయిందా? శ, ష, స మూడూ ఒకే గాటన కట్టేశాడా? ఊపిరి మాట మధ్యలో తీసుకున్నాడా, మాట ముగిశాకా? పద్యపాదం చివర గొంతు పైకి లేపడం ఎవరైనా చేస్తారు. పాదం మధ్యలో క్రియాపదం ఎక్కడుందో అక్కడ చిటికెడు బరువు వేశాడా చూడండి. అది తెలిసినవాళ్ళు తక్కువ.

తర్వాత అదే రికార్డింగు ఫోన్ స్పీకర్లో పెడతాం. మా దగ్గర మంచి స్పీకర్లున్నాయి, వాటిని మాత్రం చివరన పెడతాం. ఫోన్లో గొంతుకున్న కండ అంతా పోయి ఎముకలు మిగులుతాయి. అప్పుడూ అర్థమైతే ఆ మనిషి నెగ్గినట్టు.

గంభీరమైన గొంతు ఉంటే సరిపోదా?

సరిపోదు. ఇక్కడ ఎక్కువమంది మోసపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మగవాళ్ళు మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 85 నుంచి 180 సార్లు కంపిస్తాయి. ఆ లెక్క ఎంత కిందికుంటే గొంతు అంత బరువుగా వినబడుతుంది. అయితే పాత టెలిఫోను లైన్లు సెకనుకు సుమారు 300 నుంచి 3,400 కంపనాల దాకానే మోసేవి. అంటే నాన్నగారు మద్రాసు నుంచి ఫోను చేస్తే ఆయన గొంతులోని అసలు అడుగు శ్రుతి మన దాకా వచ్చేదే కాదు. అయినా ‘హలో’ అనగానే నాన్న అని పట్టేసేవాళ్ళం. అడుగు శ్రుతితో బాటే మోగే పై శ్రుతులను బట్టి లేని అడుగును మెదడే కట్టుకుంటుంది. ఇక అక్షరాలను విడదీసి చెప్పే సంగతులన్నీ ఆ పై భాగంలోనే ఉంటాయి. బరువు లేకపోయినా మనిషిని పోల్చుకున్నాం, మాట అర్థం చేసుకున్నాం. మరి ఆ బరువుకు అన్ని మార్కులెందుకు?

ఇంకో మాయ మైకుది. ఒకవైపు నుంచి మాత్రమే తీసుకునే మైకుకు నోరు దగ్గర పెడితే కింది శ్రుతులు ఉబ్బుతాయి. అందుకే ఎఫ్ఎమ్ కుర్రాళ్ళందరూ మైకును మింగేటట్టు మాట్లాడతారు. రెండడుగులు వెనక్కి జరిపితే పక్కింటి పిల్లవాడు.

ఘంటసాలా? బాలూనా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పేదైతే ఆదివారాలు ఎందుకు?

పద్యం ఘంటసాలది, పాట బాలుది. ఇది రాజీ తీర్పని మా వాళ్ళు ఎగతాళి చేస్తారు, కానీ నాకు కారణాలున్నాయి. ఘంటసాల (1922–1974) విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకుని వచ్చినవాడు. ఆయన వచ్చేనాటికి పద్యమంటే రంగస్థలం పద్యం. ‘ఆ’ అని ఎత్తుకుంటే జనం వన్స్ మోర్ అనేదాకా దించేవాళ్ళు కాదు. మైకులేని రోజుల్లో చివరి వరసకు వినబడాలంటే అంతకంటే దారి లేదు, వాళ్ళను తప్పు పట్టను. గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. మైకు గుసగుసను కూడా పట్టేస్తుంది. ఈ రెండు సంగతులూ ఘంటసాల అందరికంటే ముందు గ్రహించాడని నా నమ్మకం. రాగాలాపన కురచ చేసి, రాగాన్ని అర్థానికి కావలివాడిగా నిలబెట్టాడు. కరుణశ్రీ పుష్పవిలాపం వినండి. పువ్వు మాట్లాడేచోట గొంతు ఎంత పలచబడుతుందో, నిందించేచోట అదే గొంతు ఎట్లా గట్టిపడుతుందో చూడండి. ఎక్కడా అరుపు లేదు.

బాలు (1946–2020) సంగతి వేరు. శాస్త్రీయంగా నేర్చుకోకుండానే 1966లో సినిమాల్లోకి వచ్చి, ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు. ఆయన గొప్పతనం గమకంలో వెతికితే దొరకదు. నవ్వు, నిట్టూర్పు, కొంటెతనం, వెక్కిరింత – పాటలో ఇవన్నీ శ్రుతి తప్పకుండా చేసిన మగవాడు నాకింకొకడు కనబడడు. తెరమీద ఎవరుంటే ఆ మనిషి నడక గొంతులోకి వచ్చేది. హాస్యనటులకు పాడిన పాటలు తీసుకోండి, మీకే తెలుస్తుంది. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో పిల్లలను ఎక్కడ ఆపేవాడో గుర్తుందా? శ్రుతి తప్పినప్పుడు ఎంత ఆపాడో, అక్షరం తప్పినప్పుడూ అంతే ఆపాడు.

పైగా బాలు మావాడు. పుట్టింది కోనేటమ్మపేటలో, చిన్న తరగతులు నగరిలో మేనమామ ఇంట, స్కూలు ఫైనలు శ్రీకాళహస్తిలో, పీయూసీ తిరుపతిలో. ఈ వాదన చెల్లదని తెలుసు. అయినా ప్రతిసారీ చెబుతాను.

ఎవరు ఎన్ని వేల పాటలు పాడారో లెక్క తీసుకురావచ్చా?

వద్దు.

ఘంటసాల భగవద్గీత పెడితే పక్కింటివాళ్ళు గొడవ చేయరా?

చేశారు. ఒకసారి సాయంత్రం ఏడింటికి పెడితే కింది వీధిలో ఒకావిడ గేటు దగ్గరికొచ్చి ‘ఎవరికేమైంది నాయనా?’ అని అడిగింది. తెలుగునాట చావుబండి మీద మోగి మోగి ఆ గొంతుకు ఆ గతి పట్టింది. పాడిన మనిషి ప్రాణం పోయాకే అది విడుదలైందన్నది ఇంకో విషాదం.

కానీ మా పోటీకి దానికంటే మంచి సాక్ష్యం దొరకదు. ఎందుకంటే అందులో శ్లోకం పాడే గొంతు, తాత్పర్యం చెప్పే గొంతు రెండూ ఆయనవే. శ్లోకం అయిపోయి తెలుగులోకి దిగేచోట వినండి. స్థాయి తగ్గుతుంది, వేగం తగ్గుతుంది, మర్యాద తగ్గదు. పండితుడు చెప్పినట్టు ఉండదు, మనకు తెలిసిన పెద్దాయన పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. పాటగాళ్ళను పాటగాళ్ళలో, కథకులను కథకుల్లో వేరువేరుగా తూచేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ మలుపే వినిపిస్తాను.

మా మామ దగ్గర ఆ క్యాసెట్టు ఉండేది. కారు డాష్‌బోర్డు మీద చిత్తూరు ఎండకు టేపు సాగిపోయి, అర్జునుడి సందేహాలు పాతాళం నుంచి వచ్చినట్టు వినబడేవి. పలమనేరు దాకా అదే వినేవాళ్ళం. అంత నెమ్మదించినా ఒక్క అక్షరం చెదరలేదంటే మీరు నమ్మాలి.

చిత్తూరు నాగయ్య నిజంగా చిత్తూరు వాడేనా?

పుట్టింది 1904లో రేపల్లెలో. చిత్తూరు ఆయనకు నాటకం పెట్టిన పేరు. ఇక్కడి రామవిలాస సభలో నాటకాలాడి పేరు తెచ్చుకుని, ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుని మద్రాసు వెళ్ళాడు. పోతన, త్యాగయ్య, వేమన – ముగ్గురు మహానుభావులు తెరమీద మాట్లాడింది ఆయన గొంతుతోనే, పాడింది కూడా ఆ గొంతుతోనే. నేపథ్యగానం బాగా పాతుకుపోయాక మాట ఒకరిది, పాట ఒకరిది అయింది. నాగయ్యలో ఆ అతుకు లేదు. సంభాషణలోంచి కీర్తనలోకి వెళ్తుంటే గుమ్మం దాటినట్టుండదు, ఒకే గదిలో నాలుగడుగులు వేసినట్టుంటుంది.

గొంతు సన్నం అంటారా? సన్నమే. వేగం తక్కువ అంటారా? అవును, ఈనాటి చెవికి ఓపిక కావాలి. నా జాబితాలో మొదటి ముగ్గురిలో ఉన్నాడు. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ జిల్లావాళ్ళు ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

అన్నమయ్య పాటల్లో ఎవరిని పైన పెట్టాలి?

ఈ ప్రశ్న తిరుపతిలో అడగడానికి ధైర్యం కావాలి. రాగిరేకుల మీద మాటలు మిగిలాయి, రాగాల పేర్లు మిగిలాయి, వరసలు మిగల్లేదు. కాబట్టి ఇక్కడ గొంతుతో బాటు వరస కట్టిన చెయ్యి కూడా తూకంలోకి వస్తుంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తోవ వేశారు. నేదునూరి కృష్ణమూర్తిగారు రేవతిలో ‘నానాటి బ్రతుకు’ కట్టి, పాడితే ఇట్లా పాడాలి అని నిలిపారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతు మూడు స్థాయిల్లోనూ వెన్నలో కత్తిలాగా తిరిగేది, అయితే నా చెవికి ఆయన రామదాసు కీర్తనల్లో ఇంకా ఎత్తు.

నా ఓటు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారికి. 1978 నుంచి అన్నమాచార్య ప్రాజెక్టులో ఉండి ఆరువందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టారు. ఆయన ‘వినరో భాగ్యము విష్ణుకథ’ వినని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. పుట్టింది రాజమండ్రి అయినా ఊరు ఇదే అయిపోయింది, 2025 మార్చి 9న ఇక్కడే కన్నుమూశారు. ఆ తర్వాతి ఆదివారం మేం పోట్లాడుకోలేదు. ఆయనది కచేరీ గర్జన కాదు. పదం చివర సాగదీసి చప్పట్లు అడగడు. అన్నమయ్య భాషలో ఇప్పుడు వాడుకలో లేని మాటలు బోలెడు, వాటిని అర్థం తెలిసిన మనిషి పలికినట్టు పలికాడు. ఆ నమ్మకంతోనే మనకూ అర్థమైనట్టుంటుంది.

కథ చెప్పడంలో మొదటి తాంబూలం ఎవరికి?

ఉషశ్రీకి. విజయవాడ ఆకాశవాణిలో రామాయణ భారతాలు, ధర్మసందేహాలు చెప్పిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1990లో పోయారు. నిజం చెప్పాలంటే అది చాలామంది అనుకునే ‘మంచి గొంతు’ కాదు. కాస్త గరుకు. కానీ ప్రశ్న అడిగినవాణ్ణి ముందు కాస్త మందలించి, ఆ తర్వాత ఒడిలో కూర్చోబెట్టుకుని జవాబు చెప్పినట్టుండేది. వినేవాడు ఎదురుగా ఉన్నట్టే మాట్లాడాడు, ఉన్నదేమో ఇనుప డబ్బా మైకు.

ఆ వెంటనే కొంగర జగ్గయ్య. సినిమాలకు ముందు రేడియోలో వార్తలు చదివినవాడు, తెలుగులో శివాజీ గణేశన్‌కు గొంతిచ్చినవాడు. కంచుకంఠం అన్న మాట ఆయనకే అతికినట్టుంటుంది, పైగా ఆ కంచులో పదం మునిగిపోలేదు.

వార్తల వాళ్ళలో ఢిల్లీ నుంచి పన్యాల రంగనాథరావుగారిని మా పెద్దవాళ్ళు వదలరు. నాకు దూరదర్శన్ శాంతిస్వరూప్‌గారు. 1983 నవంబరు 14న తెలుగులో టీవీ వార్తలు మొదలైంది ఆయనతోనే, అదీ టెలిప్రాంప్టరు లేని రోజుల్లో. ఏ వార్తకూ గొంతు పెంచలేదు. ఇప్పటి ఛానళ్ళ తర్వాత ఆయన పాత రికార్డింగు పెడితే మా మేడ మీద కుక్క కూడా పడుకుంటుంది.

పాడుతూ కథ చెప్పినవాళ్ళలో ఎం.ఎస్. రామారావుగారి సుందరకాండను మరిచిపోతే పాపం. బుర్రకథకు షేక్ నాజర్. వాళ్ళకు వేరే సాయంత్రం పెట్టాం.

డబ్బింగు గొంతులు లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. మొహం చూపించకుండా గొంతుతోనే నెగ్గినవాళ్ళు వాళ్ళే కదా. సుమన్, రాజశేఖర్ ఆవేశపడితే మనం విన్నది సాయికుమార్‌ని. ‘అరుంధతి’లో సోనూ సూద్ భయపెట్టాడంటే అందులో సగానికి పైగా సాయికుమార్ తమ్ముడు రవిశంకర్ వాటా.

ఇక్కడా బాలు వచ్చి కూర్చుంటాడు, ఏం చేసేది. కమల్‌హాసన్‌కు తెలుగు గొంతు ఆయనే; ‘దశావతారం’లో పది వేషాల్లో ఏడింటికి మాట్లాడాడు. ‘అన్నమయ్య’లో ఇంకా తమాషా. భక్తుడికి పాడింది బాలు, వేంకటేశ్వరుడి వేషంలో ఉన్న సుమన్‌కు మాట్లాడిందీ బాలు. పిలిచిందీ పలికిందీ ఒకే గొంతు. థియేటర్లో అది ఎవరికీ తట్టలేదు.

తమిళ గొంతులు పెడతారా?

పెట్టకపోతే చిత్తూరు నుంచి వచ్చే ఇద్దరు రావడం మానేస్తారు. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది, మద్రాసు రేడియో ఇక్కడ ఇంటి రేడియోలాగే మోగింది. టి.ఎం. సౌందరరాజన్ ఎంజీఆర్‌కు ఒక గొంతు, శివాజీకి ఒక గొంతు పాడాడంటే, మన ఘంటసాల ఎన్టీఆర్‌కూ ఏఎన్నార్‌కూ చేసిందే అక్కడ జరిగింది. సీర్కాళి గోవిందరాజన్ గొంతు గుడి గంట. ఏసుదాసు ఉచ్చారణ మీద మా వాళ్ళు ప్రతి కార్తీకంలో తగాదా పడతారు. అయినా ‘మేఘసందేశం’ పాటకు జాతీయ బహుమతి ఇప్పించుకున్న మనిషిని ల, ళ దగ్గర మరీ పట్టుకోకూడదని నేను వదిలేశాను. నా పరీక్షను నేనే సడలించిన చోటు అదొక్కటే.

హిందీ, ఇంగ్లీషు వాళ్ళు?

రఫీ ‘భలే తమ్ముడు’లో ఎన్టీఆర్‌కు పాడాడు కాబట్టి పౌరసత్వం ఉంది. రేడియో వ్యాఖ్యాత అమీన్ సయానీకి, ‘మహాభారత్’ సీరియల్లో కాలపురుషుడిగా మాట్లాడిన హరీశ్ భిమానీకి సగం సాయంత్రం. అమితాబ్‌ను 1969లో ‘భువన్ షోమ్’ వ్యాఖ్యానంతో వినండి, మిగతావి తర్వాత. ఇంగ్లీషువాళ్ళు మా మేడ మీద గెలవరు, ఒత్తులు లేవు.

కంప్యూటరు తయారుచేసిన ఘంటసాల గొంతు తెచ్చాను, పెడతారా?

ఒకరు తెచ్చారు, పెట్టాం. కొత్త సినిమా పాట, పాత గొంతు. మొదటి చరణం దాకా అందరం నోళ్ళు తెరుచుకుని విన్నాం. తర్వాత ఒక పెద్దాయన ‘ఊపిరి యాడ తీసుకుంటాండాడబ్బా?’ అన్నాడు. అప్పటి నుంచి అది తప్ప ఇంకేమీ వినబడలేదు.

పేరు లేని గొంతులకు చోటుందా? మా ఊరి కథకుడు అందరికంటే గొప్ప.

ఉంది. నాదీ అదే జబ్బు.

పాకాల దగ్గర మా అమ్మ వాళ్ళ ఊళ్ళో భారతం. నాకు పదకొండేళ్ళు. పదో రోజో పన్నెండో రోజో, కథకుడి గొంతు అప్పటికే చిట్లిపోయి ఉంది. భారతం మిట్ట మీద పందిరి, ఎండ, బొరుగుల బండి, నిద్రపోతున్న ముసలివాళ్ళు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే ఘట్టం. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. మైకు చచ్చిపోయింది.

మామూలుగా ఎవరైనా అరుస్తారు. ఆయన చిడతలు ఆపేశాడు. హార్మోనియం వాడికి చేత్తో సైగ చేశాడు. అంతకుముందు కంటే తగ్గించి, దాదాపు ఇంట్లో మాట్లాడినట్టు, ‘ఆయన ముందు తన్ను ఓడినాడా, నన్ను ఓడినాడా? అడిగి రాపో’ అన్నాడు. వెనక వరసల వాళ్ళు చాపలతో సహా ముందుకు జరిగారు. బొరుగులాయన తరాజు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మా అవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టింది, నేనేమీ మాట్లాడకపోయినా.

కాసేపటికి కరెంటు వచ్చి మైకు కీచుమంది. ఆయన అటు చూడకుండానే దాన్ని చేత్తో పక్కకు నెట్టి కథ సాగించాడు. రికార్డింగు లేదు. ఆయన పేరు అప్పుడు అడగలేదు. మా వాళ్ళు సాక్ష్యం లేదని నా ఓటు కొట్టేశారు, ప్రతి వారం మళ్ళీ వేస్తున్నాను.

ఎన్నింటికి రావాలి?

ఆరింటికి. ఇయర్‌ఫోన్లు కింద చెప్పుల దగ్గర పెట్టి రండి.